పొరుగూరివారి వంతు

చెరువు క్రింద నాలుగు గుంటల తరి గలవానికి వంతు అను మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టసీమలో నీరు పుష్కలముగా నుండు సంవత్సరములు తక్కువ. ఉన్న నీరు తూము దాపున నున్న మడికే మొదట చేరును. కొసమడికి చేరునప్పటికి కాలువలో తడి మాత్రమే మిగులును. అందుచేతనే మన పెద్దలు నీరడి అను ఒక గ్రామసేవకుని ఏర్పరచిరి. తూము దగ్గరి రైతు తాను కోరినంత తీసికొనకుండ జూచి, కొసరైతు వంతును కొసరైతునకు చేర్చుట అతని పని. నీరడి నీటిని పుట్టింపలేడు. ఉన్నదానిని తగవుగా పంచగలడు.

ఈ ప్రసంగమున మేము చెప్పబూనినది ఆటల టిక్కెట్లను గూర్చి. వినోదమునకు సంబంధించిన చిన్న విషయమునకు నీటి తగవుతో పోలిక యేల యని కొందరు నవ్వవచ్చును. కాని ఆటస్థలమున ఆసనములును చెరువులోని నీటివలె లెక్కకు లోబడినవే. కోరువారు పదిరెట్లున్నప్పుడు వానిని పంచుట తప్పదు. పంచునప్పుడు దగ్గరివాడు ముందు, దూరపువాడు వెనుక యగుట ఇచ్చటను సహజముగనే జరుగును. అంతియే కాదు. ఈ పంపకమున జరిగిన పొరపాటు ఒక్కొకప్పుడు మనుష్యుల ప్రాణములనే బలిగొన్నదని చరిత్ర చెప్పుచున్నది. కావున పొరుగూరినుండి తన జట్టును వెదకికొని పోవు అభిమానికి న్యాయమైన వంతు ఏది, దానిని ఎవరు, ఎట్లు నిర్ణయించిరి అను విషయమును కొంత విచారింతము.

మొదట మన సీమ సంగతి. నల్లగొండనుండి గాని, పాలమూరునుండి గాని హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లు. నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైన తరువాతనే ఈ దూరము సామాన్యునికి క్రమక్రమముగా దగ్గరయ్యెను. పాలమూరునకు కర్నూలు మార్గపు రైలు ముందే యుండెను. నల్లగొండ పట్టణము మీదుగా బీబీనగరు నడికుడి రైలుమార్గము పూర్తియగుటకు 1989 వరకు వేచియుండవలసి వచ్చెను. ఇప్పుడు ఉదయము బయలుదేరి పట్టణమున పని చూచికొని రాత్రికి ఇల్లు చేరుట సులభమే. అయినను ఆట చూచుటకు పోవువాని లెక్క వేరు. వానికి టిక్కెట్టు కొనుటకు ఒకసారి, ఆటకు ఒకసారి, రెండు ప్రయాణములు తగులవచ్చును. రాత్రి ఆట ముగియునప్పటికి ఊరి బస్సు దొరకునో దొరకదో తెలియదు. నగరవాసి చెల్లించునది టిక్కెట్టు వెల మాత్రమే. మెట్టసీమవాడు చెల్లించునది టిక్కెట్టు వెల, దారి ఖర్చు, ఒకదినపు కూలి, ఒకరాత్రి నిద్ర. ఇద్దరికిని ఒకే వెల, ఒకే వరుస యని చెప్పినంతమాత్రమున సమానత్వము సిద్ధింపదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారికి ఈ సీమలో ఆటపై మక్కువ క్రొత్త కాదని తెలియును. సయ్యదు అబ్దుల్ రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1950లోనే డ్యూరాండ్ కప్పును గూడ తెచ్చెను. రహీము శిక్షకుడుగా నుండగా భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు పొందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టు విజయములలో పెక్కు పరాయి ఊళ్ళలో సాధింపబడినవే. అప్పుడు జట్టు వెంట ఎందరు అభిమానులు పోగలిగియుందురు? ఉద్యోగులు, వర్తకులు కొందరికి తప్ప బొంబాయి ప్రయాణము సామాన్యుని శక్తికి మించినది.

ఇందొక విశేషము కలదు. బొంబాయిలోని కామాఠీపురము అను పేట, నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై వలసపోయిన కామాఠీల పేరిట వెలసినది. తెలంగాణపు కూలివాని చెమట ఆ మహానగరపు గోడలలో కలదు. పాలమూరు కూలీలు దేశమున పెక్కు ఆనకట్టలకును రాళ్ళెత్తిరి. పనికై వందల క్రోసులు పోవుట మన జిల్లాలవారికి తరతరముల అలవాటు. పని కొరకు అంత దూరము పోగలిగిన జనము ఆట కొరకు పోగోరిన, వారికి తలుపు తీయువా రెవరు, మూయువా రెవరు అని అడుగుట అసంగతము కాదు.

ఆ కాలమున టిక్కెట్టు దొరకనివానికి దిక్కైనది రేడియో. 1935లో హైదరాబాదున దక్కను రేడియో నెలకొన్నది. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆకాశవాణిలో చేరెను. రేడియో ముందు కూర్చుండుటకు వరుస లేదు, పాసు లేదు, దగ్గర దూరముల భేదము లేదు. అట్టి సమత్వమును ఆటస్థలపు గేటువద్ద సాధించుట మాత్రము కష్టతరమైనది. ప్రపంచము దానిని కొన్ని చేదు పాఠములవలన నేర్చుకొనెను.

మొదటి పాఠము 1923లో ఇంగ్లండున జరిగినది. ఆ యేడు ఏప్రిల్ 28వ తేదీన లండనులో క్రొత్తగా కట్టిన వెంబ్లీ ఆటస్థలమున ఎఫ్.ఎ. కప్పు చివరి పోటీ నడచెను. బోల్టన్ జట్టునకు, వెస్టుహామ్ జట్టునకు ఆట. ఆసనములలో అధికభాగమునకు ముందుగా టిక్కెట్లు లేవు. వచ్చినవాడు గేటువద్ద డబ్బు చెల్లించి లోనికి పోవచ్చును. అధికారికముగా లోనికి వచ్చినవారు 126,047 మంది. గోడలు దుమికి వచ్చినవారిని గలిపిన రెండు లక్షలకు మించియుందురని అంచనా. జనము ఆటస్థలము మధ్యకే పొరలిపోయిరి. గుఱ్ఱమెక్కిన ఒక పోలీసు మొదలైనవారు వారిని మెల్లగా వెనుకకు త్రోసినపిదప గాని ఆట సాగలేదు. దూరమునుండి వచ్చిన బోల్టన్ వారు లోనికి పోలేకపోవుటయు, లండను వాడు సులువుగా జొరబడుటయు సంభవించుటకు వీలైన ఏర్పాటది. మరుసటి సంవత్సరము నుండి ఆ చివరి పోటీకి ముందుగా టిక్కెట్టు కొన్నవారికే ప్రవేశమను నియమము ఏర్పడెను. ఆటస్థలపు పంపకమను శాస్త్రమునకు ఇది ఓనమాలు అనవచ్చును.

కాని టిక్కెట్టు పుట్టినంతనే న్యాయము పుట్టలేదు. టిక్కెట్లు ఎవరికెన్ని యను క్రొత్త తగవు పుట్టెను. లక్షమంది పట్టు గల వెంబ్లీలో చిరకాలము ఆడు జట్ల అభిమానులకు దక్కినది కొద్దిభాగమే. మిగిలినవి జిల్లా సంఘములకు, వాని సభ్యులకు పంచబడుచుండెను. ఏడాది పొడుగున జట్టు వెంట వానలో తిరిగినవాడు వెలుపల, సంఘమున సభ్యుడైనవాడు లోపల. ఈ మాట మనకు కొత్తగా తోచదు. గేటువద్ద తోపులాట పోయి, ఆ తగవు కార్యాలయపు బల్లమీదికి మారెను. అంతియే భేదము.

రెండవ పాఠము మిక్కిలి దారుణమైనది. 1989 ఏప్రిల్ 15వ తేదీన షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో ఆటస్థలమున లివర్‌పూలు జట్టునకు, నాటింగుహామ్ ఫారెస్టు జట్టునకు కప్పు ఉపాంత్యపోటీ జరిగెను. షెఫీల్డు ఇరువురికిని పొరుగూరే. అనగా ఆ దినమున ఆటస్థలమున నున్న అభిమానులందరును ప్రయాణము చేసి వచ్చినవారే. లివర్‌పూలు జట్టు వెంటవచ్చు జనము ఎక్కువ. అయినను జనము వచ్చు దారులను, రెండు పక్షముల వారిని వేరుచేయు సౌకర్యమును మాత్రమే చూచి, పెద్ద వైపును నాటింగుహామ్ వారికిని, చిన్న వైపైన లెపింగ్స్ లేను భాగమును లివర్‌పూలు వారికిని కేటాయించిరి. లివర్‌పూలునకు దక్కిన టిక్కెట్లు సుమారు 24,000. తక్కువ జనము గల ఎదుటి పక్షమునకు దక్కినవి అంతకంటె ఎక్కువ. అందు నిలిచి చూచు 10,100 మందికి తిరుగుడు ద్వారములు ఏడు మాత్రమే.

ఫలితము లోకమునకు తెలిసినదే. ద్వారములవద్ద ఒత్తిడి పెరిగెను. పోలీసులు పెద్ద గేటు తెరిపించిరి. జనము అప్పటికే నిండియున్న మధ్య దొడ్లలోనికి నడచిపోయిరి. ఇనుపకమ్మీల నడుమ ఊపిరాడక నలిగిరి. చనిపోయినవారి సంఖ్య కాలక్రమమున 97 అయినది. మొదట నిందను అభిమానులపైననే మోపిరి. వారి బంధువులు ఇరువదియేడేండ్లు పోరాడినపిదప 2016లో విచారణ జ్యూరీ ఆ మరణములు చట్టవిరుద్ధముగా సంభవించినవనియు, అభిమానుల తప్పు లేదనియు తీర్మానించెను. ఆ దుర్ఘటనకు కారణములు పెక్కు. వానిలో పోలీసుల నిర్వహణ ప్రధానమని విచారణలు తేల్చినవి. మన విషయమునకు కావలసిన పాఠ మొక్కటి మాత్రము వానిలో నున్నది. టిక్కెట్ల లెక్క వ్రాయువాడు ఎందరు వత్తురో, ఏ ద్వారమున వత్తురో, ఎంతసేపటిలో లోనికి పోగలరో గూడ లెక్కింపవలెను. కాగితముపై అంకెలు సరిపోయినంతమాత్రమున వంతు సరిపోదు.

మన దేశమునను ఇట్టి విషాదము జరుగకపోలేదు. 1980 ఆగస్టు 16వ తేదీన కలకత్తా ఈడెను తోటలో మోహన్‌బగాను, ఈస్టుబెంగాలు జట్ల ఆటలో తొక్కిసలాట కలిగి 16 మంది అభిమానులు మరణించిరి. ఉభయపక్షముల వారిని ఒకే గ్యాలరీలో కలిపి కూర్చుండబెట్టుట అందుకు ఒక ముఖ్యకారణమని చెప్పబడినది. పొరుగు పక్షమునకు వంతు ఇచ్చుట చాలదు, ఆ వంతు ఎచ్చట ఇయ్యవలెనో గూడ తెలియవలెనని ఆ దినము నేర్పెను. ఏటేటా ఆ తేదీన వంగదేశమున రక్తదానముచేసి వారిని స్మరించుచున్నారు.

ఈ అనుభవములనుండి క్రమముగా కొన్ని నియమములు రూపొందినవి. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య తన పోటీలలో ఆటస్థలపు పట్టులో కనీసము నూటికి అయిదు వంతులు పొరుగు జట్టు అభిమానులకు వేరుగా కేటాయింపవలెనని విధించినది. ఇంగ్లండు ప్రీమియరు లీగులో ఈ వంతు 3,000 ఆసనములు. ఆటస్థలపు పట్టు ముప్పదివేలకు లోబడినచో పదింట ఒకవంతు. 2016 నుండి అచ్చట పొరుగు అభిమాని టిక్కెట్టు వెల 30 పౌండ్లు మించరాదని నిర్ణయించిరి. వెల కట్టడి వెనుకనున్న తలంపు గమనింపదగినది: దారి ఖర్చు పెట్టి వచ్చినవానివద్ద ఇంటివానికంటె ఎక్కువ గుంజరాదని. ఇందుకు విరుద్ధమైన మార్గము అర్జెంటీనాది. అభిమానుల నడుమ హింస పెచ్చుపెరుగగా 2013లో అచ్చటివారు పొరుగు అభిమానులను అసలే రానీయరాదని శాసించిరి. ఆ నిషేధము చాల ఏండ్లు సాగెను. కొసమడికి నీరు పారించుట కష్టమని కాలువనే పూడ్చుట వంటి దిది.

ఇక మన తెలుగువారి అనుభవమునకు వత్తము. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సి జట్టు 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్సును ఓడించి ఇండియను సూపరు లీగును గెలిచెను. కరోనా వ్యాధి కారణమున ఆ యేటి ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేకయే జరిగినవి. చివరి పోటీకి మాత్రము తలుపులు తెరచిరి. ఆ దినము గ్యాలరీలు పసుపుపచ్చగా మెరసినవి. చొక్కా రంగు హైదరాబాదుదే గాని, దానిని ధరించినవారు అత్యధికులు కేరళీయులు. రెండు జట్లకును పసుపే ఇంటిరంగు. లీగులో ముందు నిలిచిన హైదరాబాదునకు ఆ రంగు దక్కగా, కేరళ ఆటగాండ్రు నల్లచొక్కాలతో ఆడిరి. ఆట 1-1గా ముగిసి, పెనాల్టీలలో మనవారి గోలుకీపరు కట్టిమణి మూడింటిని ఆపగా 3-1తో విజయము దక్కెను. కేరళనుండి గోవాకు రైళ్ళమీద, బస్సులమీద, మోటారుసైకిళ్ళమీద జనము తరలివచ్చిరి. అట్లు వచ్చుచున్న ఇరువురు యువకులు దారిలో ప్రమాదమున ప్రాణములు గోలుపోయిరి. పొరుగూరికి పోవు అభిమాని పణముగా నొడ్డునది ధనము మాత్రమే కాదని ఈ దుఃఖవార్త చెప్పుచున్నది.

ఆ పోటీలో మనవారు తక్కువయగుటకు ఎవరిని తప్పుపట్టవలెను? దూరమొక కారణము, క్రొత్తజట్టునకు అభిమానగణము ఇంకను చిక్కబడకపోవుట మరియొక కారణము. ఆటస్థలము ఎవరి పక్షముననో నిండుట అన్యాయము కాదు. గెలిచిన జట్టు ఇంటివారు గ్యాలరీలో ఏ కొద్దిమందియో యగుట మాత్రము ఆలోచింపదగిన విషయము. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు సైతము మార్చుకొనెను. నేడు హైదరాబాదు అభిమానికి ఆ జట్టు ఆడు ప్రతి ఆటయు పొరుగూరి ఆటయే. కొసరైతు బాధ ఎట్టిదో ఇప్పుడు నగరవాసికిని తెలియవచ్చినది.

ఫుట్‌బాల్ ప్రస్తావన అంతటితో ఆగదు. మన జిల్లాలవారు నేడు అధికముగా పోవునది ఉప్పలులోని క్రికెట్ ఆటస్థలమునకు. టిక్కెట్ల పంపకమున మన అనుభవములు అచ్చటనే ఎక్కువ. 2022 సెప్టెంబరు 25వ తేదీన ఉప్పలులో భారత, ఆస్ట్రేలియా జట్ల పోటీ. దానికి మూడు దినములు ముందు, 22వ తేదీన, సికిందరాబాదు జింఖానా మైదానమున టిక్కెట్లు నేరుగా విక్రయింతురని విని వేలకొలది జనము వేకువనుండి వరుస కట్టిరి. ఉన్న టిక్కెట్లు కొద్ది, వచ్చినవారు ఎక్కువ. తోపులాట జరిగి పలువురు గాయపడిరి, పోలీసులు లాఠీలు ఝళిపించిరి. ఆ వరుసలో ముందు నిలువగలవాడెవడు? మొదటి సిటీబస్సు ఎక్కువాడు, లేక రాత్రియే వచ్చి కాలిబాటపై పరుండువాడు. దేవరకొండనుండి గాని, అచ్చంపేటనుండి గాని వచ్చువానికి ఇందు రెండవ మార్గమే గతి.

వరుసలో నిలిచినవానికి ఇంకొక విషయము కనబడదు. గేటువద్ద అమ్మకమునకు వచ్చునప్పటికే కొన్ని ఆసనములు ఉచిత పాసుల రూపమున వెడలిపోయియుండును. జస్టిసు లోధా సంఘము 2016లో ఈ విషయమును విచారించి, ఆసనములలో పదింట తొమ్మిదివంతులు ప్రజలకే విక్రయింపవలెనని సూచించెను. తరువాత ఆ నియమము అమలునకు రాగా 2018లో విచిత్రమైన సంఘటన జరిగెను. ఇందూరులో జరుగవలసిన భారత, వెస్టిండీసు పోటీ ఉచిత పాసుల లెక్క కుదరక విశాఖపట్టణమునకు మారెను. అక్టోబరు 24వ తేదీన జరిగిన ఆ ఆట సమముగా ముగిసెను. విరాట్ కోహ్లీ పదివేల పరుగులు పూర్తిచేసినది అందే. పాసుల తగవు వలన ఒక ఊరివారు ఆటనే కోలుపోయిరి, మరియొక ఊరివారు అనుకొనని విందు కుడిచిరి. 2025 మార్చిలో హైదరాబాదునను ఉచిత పాసుల విషయమై సన్‌రైజర్సు జట్టునకును, ఇచ్చటి క్రికెట్ సంఘమునకును బహిరంగముగనే వివాదము పొడసూపెను. ఒప్పందము ప్రకారము సంఘమునకు చెందునవి నూటికి పది, అనగా 3,900 పాసులని ఆ సందర్భమున వెల్లడియైనది. సంఘపు ఓట్లలో అధికభాగము జంటనగరముల క్లబ్బులదే. కావున సభ్యత్వమును బట్టి జరుగు పంపకమున మెట్టజిల్లాల వంతు పలుచబడుట సహజము.

అదే సంవత్సరము జూను 4వ తేదీన బెంగుళూరు చిన్నస్వామి ఆటస్థలపు ద్వారములవద్ద విజయోత్సవమునకు వచ్చినవారిలో 11 మంది తొక్కిసలాటలో చనిపోయిరి. ప్రవేశము ఉచితమా, పాసు కావలెనా అను సందిగ్ధమున జనము లక్షలుగా మూగియుండిరి. 1923 నాటి వెంబ్లీ పాఠమును నూరేండ్ల తరువాతను మనము పూర్తిగా ఒంటబట్టించుకొనలేదని దీనివలన తెలియుచున్నది.

ఇట్లయిన న్యాయమైన పద్ధతి యేది? లోకమున నాలుగు పద్ధతులు కలవు. మొదటిది వరుస: ముందు వచ్చినవానికి ముందు. ఇది చూచుటకు ధర్మముగా తోచును గాని, దాపుననున్నవానికే అనుకూలము. రెండవది అంతర్జాలమున అమ్మకము. ఇది దూరమును తుడిచివేసెనని మొదట అందరమును సంతోషించితిమి. నల్లమల అంచుననున్న పల్లెవాడును, బంజారాహిల్సువాడును ఒకే క్షణమున టిక్కెట్టు కోరవచ్చును. కాని నిముషములలో ముగియు అమ్మకమున గెలుచునది చురుకైన తీగ, చేతిలో బ్యాంకు కార్డు, దళారుల యంత్రము. దూరము పోయి వేగము దాని స్థానమున కూర్చుండెను. మూడవది చీటీ. పేర్లు నమోదుచేసికొన్నవారిలో లాటరీ తీయుట. ఇందు దగ్గర దూరములు లేవు, వేగము లేదు; అయితే ఏండ్లతరబడి జట్టును విడువని భక్తునకును, నిన్న మేల్కొన్నవానికిని భేదము లేదు. నాలుగవది అనుభవపు లెక్క. ఇంతకుముందు ఎన్ని ఆటలకు వచ్చెనో లెక్కించి పాతవారికి ముందు ఇచ్చుట. ఇంగ్లండున పెక్కు క్లబ్బులు పొరుగూరి ఆటలకు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. ఇది నిష్ఠకు గౌరవమే. కాని టిక్కెట్టు దొరకినవానికే లెక్క పెరుగును. లెక్క పెరిగినవానికే టిక్కెట్టు దొరకును. ఒకసారి వెలుపల నిలిచినవాడు ఎన్నటికిని లోనికి రాలేడు.

ఏ ఒక్క పద్ధతియు నిర్దోషము కాదని దీనివలన తేలినది. అందుచే వివేకవంతులు వానిని కలిపి వాడుదురు: కొంతభాగము నిష్ఠకు, కొంతభాగము చీటీకి, కొంతభాగము దూరపువారికని.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "ఆటస్థలమును కట్టినది నగరము, వారము వారము దానిని నింపి పోషించువారు నగరవాసులు, ఎప్పుడో ఒకసారి వచ్చువానికి వేరుగా వంతేల?" అని. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఇంటివారి ఆసనములు తరుగునప్పుడు వారికి కలుగు కష్టము నిజమైనదే. కాని ఆటస్థలమునకు ఇచ్చిన భూమి ప్రజలది, జట్టు ధరించు పేరు రాష్ట్రపు రాజధానిది. ఆ పేరిట పరవశించువాడు మక్తల్‌లో నున్నను, మిర్యాలగూడలో నున్నను దానికి వారసుడే. మరియు పొరుగు పక్షపు గొంతు వినబడని ఆట సగము ఆటయే. ఎదుటివాని కేక లేనిచో మన కేకకు రుచి యెక్కడిది?

కావున మేము కోరునది పెద్ద విషయమేమియు కాదు. ప్రతి పోటీకిని ఆటస్థలపు పట్టెంత, ఉచిత పాసులెన్ని, పొరుగు జట్టువారికెన్ని, దూరపు జిల్లాలవారికెన్ని అని ముందుగా ప్రకటింపవలెను. దూరపువారి టిక్కెట్టును నల్లగొండలోనే, పాలమూరులోనే చేతికిచ్చు ఏర్పాటు చేయవలెను. ఆట ముగియు వేళకు ఆ త్రోవల బస్సులు సిద్ధముగా నుండవలెను. ద్వారముల సంఖ్యను టిక్కెట్ల సంఖ్యతో సరిచూడవలెను. వీనిలో దేనికిని క్రొత్త ధనము అంతగా కావలసిన పనిలేదు. లెక్కను వెలుగులో నుంచు మనసు కావలెను.

కృష్ణానదీ జలములను పంచిన బచావతు న్యాయస్థానము 1973 నాటి తీర్పున పాలమూరు జూరాలకు 17.84 టీఎంసీలని ప్రత్యేకముగా వ్రాసెను. ఆ నీరు చేనికి పారుటకు పిదప చాలకాలము పట్టిన మాట నిజము. అయినను వ్రాసిన అంకె యున్నందుననే అడుగుటకు హక్కు నిలిచినది. నోటిమాటగా నున్న వంతు తూము దగ్గరివాని దయ. కాగితముమీద అంకెగా నున్న వంతు కొసవాని హక్కు. ఆటస్థలమునకును ఒక నీరడి కావలెను. అతడు ఆసనములను పెంచలేకపోవచ్చును. ఉన్నవానిని తగవుగా పంచి, నూరు కిలోమీటర్లు వచ్చినవానిని గేటువద్ద నలుగనీయక లోనికి పంపి, క్షేమముగా ఇంటిదారి పట్టించిన చాలును.